ఎల్క్, మ్యూల్ డీర్ వేటకు ఏ వాలు ఎంచుకోవాలి? కొలరాడో కొండల్లో ఎండ, మంచు, గాలి లెక్క

కొలరాడో రాకీ పర్వతాల్లో తూర్పు పడమరలుగా సాగే కొండ వెన్ను ఎక్కి నిలబడితే, చాలాచోట్ల ఒకే కొండకు రెండు వేర్వేరు అడవులు కనిపిస్తాయి. దక్షిణం వైపు ఎండిన గడ్డి, సేజ్ పొదలు, గాంబెల్ ఓక్ తుప్పలు, దూరదూరంగా పాండరోసా పైన్లు. ఉత్తరం వైపు మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే డగ్లస్ ఫర్ చెట్లు, ఇంకా పైకి వెళ్తే స్ప్రూస్. అటు దిగితే జాకెట్ విప్పాలనిపిస్తుంది, ఇటు దిగితే జిప్పు మెడదాకా లాక్కోవాలనిపిస్తుంది. ఎల్క్ అనే పెద్ద జింకలకూ, వాటికన్నా చిన్నవైన మ్యూల్ డీర్ జింకలకూ ఈ తేడా మనకన్నా బాగా తెలుసు. వాటి రోజంతా ఈ రెండు వైపుల మధ్యే గడుస్తుంది.

అమెరికాలో కొత్తగా వేట నేర్చుకుంటున్న మన తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటి: ఉత్తరపు వాలా, దక్షిణపు వాలా? ఎక్కువమంది ఇచ్చే జవాబు “ఎల్క్ అయితే ఉత్తరం” అని. సెప్టెంబరుకి అది చాలా మంచి సలహా. అదే సలహాని నవంబరు నాలుగో వారంలో పాటిస్తే తొడల్లోతు మంచులో ఖాళీ అడవి చూసి రావాల్సి వస్తుంది. ప్రశ్నలో తేదీ, గంట కూడా కలిపితేనే జవాబు కుదురుతుంది. నా సలహా అంతా ఆ రెండింటి చుట్టూనే ఉంటుంది.

ముందు ఎండ లెక్క

మనకు ఈ సంగతి వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. నల్లమలలో తిరిగినవాళ్లకు కొండ ఏ దిక్కు చూస్తోందన్నది అంత పెద్ద విషయంగా అనిపించదు. పైగా మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నిషేధం కాబట్టి ఇలాంటి విషయాలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే అవకాశమూ లేదు.

కొలరాడో 37 నుంచి 41 డిగ్రీల మధ్య ఉంది. మధ్యలో 39 డిగ్రీల దగ్గర, అక్టోబరు నడుమ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 43 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 30 డిగ్రీల వాలు ఒకటి తీసుకోండి. అది దక్షిణం చూస్తుంటే కిరణాలు నేలను 73 డిగ్రీల కోణంలో తాకుతాయి. ఉత్తరం చూస్తుంటే 13 డిగ్రీలే. నేల మీద పడే నేరు ఎండలో తేడా నాలుగు రెట్లకు పైనే. అదే రోజు, అదే వాలు హైదరాబాద్ దగ్గర ఉంటే ఆ తేడా రెండు రెట్లు కూడా ఉండదు. డిసెంబరు ఆఖరుకి కొలరాడోలో మధ్యాహ్నపు సూర్యుడు 28 డిగ్రీలు కూడా లేవడు. కాబట్టి 30 డిగ్రీల ఉత్తరపు వాలు మీద రోజు మొత్తంలో నేరుగా ఎండే పడదు. మంచు ఎన్నాళ్లు నిలుస్తుంది, గడ్డి ఎప్పుడు ఎండుతుంది, ఏ చెట్టు బతుకుతుంది, గాలి ఎన్ని గంటలకు పైకి లేస్తుంది అన్నవన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

వాలు దిక్కు తేల్చుకోవడంలో కొందరు తికమకపడతారు. ఇల్లు కొనేటప్పుడు ఈస్ట్ ఫేసింగా, నార్త్ ఫేసింగా అని చూస్తాం కదా, ఇదీ అంతే. కొండకు వీపు ఆనించి కిందికి చూస్తే మీ ముఖం ఎటు ఉంటుందో అదే ఆ వాలు దిక్కు. ఆన్‌ఎక్స్, కాల్‌టోపో లాంటి యాప్‌లు వాలు దిక్కుని రంగులతో చూపిస్తాయి. అయితే ఆ రంగుని చూసి ఆగిపోవద్దు. పెద్ద దక్షిణపు వాలు మీద కూడా నీళ్లు కోసిన చిన్న వాగులుంటాయి. వాటి ఒక గట్టు ఉత్తరం వైపో ఈశాన్యం వైపో తిరిగి ఉంటుంది. అక్కడ పది చెట్ల నీడ ఉంటే చాలు, పెద్ద మగ మ్యూల్ డీర్ పగలంతా అక్కడే పడుకుంటుంది. కొండ ప్రాంతాల యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) మ్యాపుల్లో ఒకే ఎత్తుని చూపే కాంటూరు గీతల మధ్య ఎత్తు సాధారణంగా 40 అడుగులు. అంతకన్నా చిన్న మడతలు వాటిలో తెలియవు. వాటిని బైనాక్యులర్స్‌తో ఎదుటి కొండ మీంచి వెతుక్కోవాలి.

సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో: ఎల్క్‌కి ఉత్తరమే

విల్లుతో వేటాడే సీజన్ కొలరాడోలో దాదాపు సెప్టెంబరు అంతా ఉంటుంది. అప్పటికి ఎల్క్ ఒంటి మీదికి చలికాలపు ఒత్తు బొచ్చు వస్తూ ఉంటుంది. మగ ఎల్క్ బరువు 300 కిలోలు దాటుతుంది. పైగా అది జతకట్టే కాలం. మగవి తిండి మానేసి అరుస్తూ, తరుముకుంటూ, ఆడవాటిని కాచుకుంటూ తిరుగుతాయి. మనకు హాయిగా అనిపించే ఎండ వాటికి భరించలేని వేడి. పొద్దెక్కేసరికి అవి దట్టమైన ఉత్తరపు వాలులోకి జారుకుంటాయి. అక్కడ ఊటలుంటాయి, బురద గుంటలుంటాయి. మగవి వాటిలో పొర్లి ఒళ్లు చల్లబరుచుకుంటాయి.

తిండి కూడా అటే ఉంటుంది. ఎల్క్ ముఖ్యంగా గడ్డి మేసే జంతువు. ఆగస్టు ఆఖరుకి దక్షిణపు వాలు మీద గడ్డి ఎండి పీచవుతుంది. ఉత్తరం వైపు ఆస్పెన్ చెట్ల కింద ఇంకా పచ్చగా ఉంటుంది. సుమారు 11,500 అడుగుల పైన, చెట్లు ఆగిపోయే ఎత్తులో, ఉత్తరం చూసే పల్లాల్లో మంచు ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి సెప్టెంబరులో కూడా లేత గడ్డి దొరుకుతుంది.

ఉత్తరపు వాలంతా తిరగాల్సిన పని లేదు. ఏటవాలు మధ్యలో మెట్టులా చదునుగా ఉండే చోట్లుంటాయి. ఇక్కడి వేటగాళ్లు వాటిని బెంచ్ అంటారు. వాలుని అడ్డంగా మూడు భాగాలు చేస్తే పై భాగంలో ఉన్న బెంచ్‌లు ముందు చూడండి. ఎల్క్ అక్కడ పడుకుంటే, కొండ వెన్ను దాటి వీచే గాలి వెనక నుంచి వాసన తెస్తుంది, పగటిపూట పైకి లేచే గాలి కింద నుంచి వాసన తెస్తుంది. రెండు వైపులా కాపలా ఉన్నట్టే. అందుకే పై నుంచీ కింద నుంచీ కాకుండా, అది ఉన్న ఎత్తులోనే అడ్డంగా నడిచి వెళ్లడం మంచిది.

ఉత్తరపు వాలుకి ఉన్న లోపం కూడా చెప్పాలి. అక్కడ చూపు ఆనదు. చాలాచోట్ల 30, 40 గజాల దాకానే కనిపిస్తుంది. బెరడు పురుగులు పట్టి చచ్చి కూలిన చెట్లు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వాటి మీంచి శబ్దం చేయకుండా నడవడం పెద్ద పని. విల్లు పట్టుకున్నవాళ్లకు 30 గజాల చూపు చాలు, చెవి బాగా పనిచేస్తే చాలు. రైఫిల్ పట్టుకున్నవాళ్లకు తమ ఆయుధానికున్న బలమంతా అక్కడ వృథా అవుతుంది. కాబట్టి విల్లు సీజన్‌కి ఉత్తరపు వాలుని నేను ఆలోచించకుండా సిఫార్సు చేస్తాను. అక్టోబరు మధ్యలో వచ్చే మొదటి రైఫిల్ సీజన్‌కి (ఇది ఎల్క్‌కి మాత్రమే) మాత్రం రెండు వాలులు కలిసే చోటే మెరుగు.

ఆ రోజుల్లో ఎల్క్ సాయంత్రం ఉత్తరపు అడవి వదిలి, వెన్ను దాటి దక్షిణపు గడ్డిలో రాత్రంతా మేసి, తెల్లారుతుండగా తిరిగి నీడకు చేరుతుంది. దాటేది ఎక్కడ పడితే అక్కడ కాదు. వెన్ను కాస్త వంగిన కనుమల్లోనే ఎక్కువగా దాటుతుంది. అరిగిపోయిన దారులు, తాజా పెంటికలు, కొమ్ములతో గీరిన చెట్లు కనిపిస్తే అదే చోటు. వెలుతురు రాకముందే ఆ కనుమ వైపు నుంచి గాలి మీ మీదికి వీచే చోట కూర్చోగలిగితే, ఒకే చోట నుంచి రెండు వాలుల లాభం అందుతుంది. కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

మంచు బాగా పడ్డాక: దక్షిణం

మూడో రైఫిల్ సీజన్, నాలుగో రైఫిల్ సీజన్ నవంబరులో వస్తాయి. ఏటా తేదీలు కొంచెం జరుగుతాయి కాబట్టి కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విడుదల చేసే బ్రోచర్ చూసుకోండి. అప్పటికి ఎండ లెక్క మొత్తం తిరగబడుతుంది. ఇంతకుముందు సమస్య వేడి. ఇప్పుడు సమస్య మంచు కింద కప్పబడిన తిండి.

తుఫాను వెళ్లిపోయాక ఒకటి రెండు రోజుల ఎండకే నిటారైన దక్షిణపు వాలు మీద నేల బయటపడుతుంది. ఉత్తరం వైపు పడిన మంచు అలాగే పేరుకుంటూ పోతుంది. మ్యూల్ డీర్ కాళ్లు పొట్టివి కాబట్టి మంచు పెరిగితే ముందు కదిలేది అదే. ఎల్క్ ఇంకొంత లోతు దాకా ఓర్చుకుంటుంది, ముఖ్యంగా ముసలి మగవి. జతకట్టే కాలంలో అలిసిపోయి, గుంపు వదిలేసి, ఎవరూ రాని ఎత్తైన చోట ఉండిపోతాయి. మంచు మరీ లోతయ్యాక అవీ దిగక తప్పదు.

మ్యూల్ డీర్ గడ్డి కన్నా ఆకులు, కొమ్మల చివళ్లు ఎక్కువగా తింటుంది. బిటర్‌బ్రష్, మౌంటెన్ మహాగని, సర్వీస్‌బెర్రీ పొదలు ఎండ పడే వాలుల మీదే బాగా పెరుగుతాయి. వాయవ్య కొలరాడోలోని పియాన్స్ బేసిన్‌లో చలికాలం మ్యూల్ డీర్ పెద్ద సంఖ్యలో చేరడానికి ఇలాంటి తిండి, తక్కువ మంచు రెండూ కారణం. నవంబరు మధ్య నుంచి మ్యూల్ డీర్ జతకట్టే కాలం కూడా మొదలవుతుంది. ఆడవి దక్షిణపు వాలు మీద మేస్తుంటే మగవి వాటి వెనకే వస్తాయి. ఆ వారాల్లో మగదాన్ని వెతకాలంటే ఆడవాటిని వెతకండి.

దక్షిణపు వాలులో ఉన్న పెద్ద సుఖం, దాన్ని దూరం నుంచి చూడగలగడం. లోయకు ఇవతలి కొండ ఉత్తరపు వాలు మీద నీడలో కూర్చోండి. సూర్యుడు మీ వెనక ఉంటాడు. ఎదుటి దక్షిణపు వాలు అంతా వెలుగులో ఉంటుంది. అటు నుంచి జంతువు మీ వైపు చూసినా ఎండ దాని కళ్లలో పడుతుంది. మీరు మాత్రం రోజంతా ఎముకలు కొరికే చలిలో కూర్చోవాలి. కింద వేసుకోవడానికి ఒక దళసరి ఫోమ్ ముక్క, నడిచేటప్పుడు సంచిలో ఉంచుకునే పెద్ద జాకెట్ లేకపోతే గంటలో లేచిపోతారు.

దగ్గరికి వెళ్లడమే అక్కడ కష్టం. పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి, తెల్లారేసరికి పై పొర పెంకులా తయారవుతుంది. అడుగు పడితే లోయంతా వినిపిస్తుంది. ఎండ తగిలి పొర మెత్తబడేదాకా ఆగండి. ఉత్తరం వైపు మంచు పొడిగా ఉంటుంది, అడుగు చప్పుడు దాదాపు ఉండదు. అందుకని వీలైతే ఉత్తరపు వైపు నుంచే ఎక్కి, వెన్ను మీంచి తొంగి దక్షిణం చూడండి.

తూర్పు, పడమర

సీజన్ మొదట్లో మ్యూల్ డీర్ మగవాటికి నేను తూర్పు, ఈశాన్యపు వాలులు ఎంచుకుంటాను. తెల్లవారగానే మొదటి ఎండ అక్కడే పడుతుంది. రాత్రి చలికి బిగుసుకున్న జంతువు ఆ ఎండలో నిలబడి మేస్తుంది, దాని ఒంటి రంగు కూడా ఆ వెలుగులో బాగా కనిపిస్తుంది. ఎండ ముదిరాక అక్కడే బండ పక్కనో పొద కిందో పడుకుంటుంది, మధ్యాహ్నం తర్వాత ఆ వాలంతా నీడలోకి వెళ్తుంది కాబట్టి దూరం పోవాల్సిన పని లేదు. ఇంకో సంగతి గమనించండి. పొద్దున పడుకున్న చోట నీడ జరిగి ఎండ మీద పడగానే, తరచూ పదీ పదకొండు గంటల మధ్య, అది లేచి నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంటుంది. పొద్దున్నుంచీ ఖాళీగా కనిపించిన వాలు మీద హఠాత్తుగా కొమ్ములు కనిపించేది అప్పుడే. చాలామంది తొమ్మిదింటికే బైనాక్యులర్స్ దించేసి క్యాంపుకి వెళ్లిపోతారు, ఆ అవకాశం పోగొట్టుకుంటారు.

ఇక్కడ ఎక్కువగా వీచేది పడమటి గాలి. అది మంచుని వెన్ను మీంచి ఎగరేసి తూర్పు, ఈశాన్యపు వాలుల మీద పోగేస్తుంది. కాబట్టి ఈ సలహా మంచు ముదిరాక చెల్లదు.

పడమటి వాలు మధ్యాహ్నం బాగా కాగుతుంది కాబట్టి సెప్టెంబరులో పగటిపూట అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. నవంబరు సాయంత్రాలకు మాత్రం పనికొస్తుంది, చివరి ఎండ అక్కడే ఉంటుంది, గాలి ఊడ్చిన వెన్నుల దగ్గర గడ్డి తేలి ఉంటుంది.

గాలి కుదరకపోతే ఏ వాలూ పనికిరాదు

రెండు వాలుల మధ్య తేల్చుకోలేనప్పుడు గాలిని బట్టి తేల్చండి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక పైకి లేస్తుంది. ఈ మార్పు అన్ని వాలుల మీదా ఒకే గంటకు జరగదు. తూర్పు వాలు మీద పొద్దున్నే మొదలవుతుంది, ఆ తర్వాత దక్షిణం. నీడలో ఉన్న ఉత్తరపు వాలు మీద గాలి ఇంకా కిందికే జారుతూ ఉంటుంది. వెన్ను దగ్గర ఈ రెండూ కలిసి సుడులు తిరుగుతాయి. ఆ సమయంలో ఎల్క్ పడుకున్న అడవిలోకి చొరబడితే మన వాసన ముందే చేరుతుంది, అది లేచి పోతే ఆ రోజుకి ఆ లోయే ఖాళీ. గాలి ఒక దారిన పడేదాకా ఆగాలి. చిన్న పౌడర్ సీసా జేబులో పెట్టుకుని అస్తమానం ఒత్తి పొడి ఎటు కొట్టుకుపోతుందో చూస్తూ ఉండండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. సాయంత్రం ఇదంతా తిరగబడుతుంది, సూర్యుడు పోయిన వాలు మీద గాలి ముందుగా కిందికి మళ్లుతుంది.

జనం రద్దీ గురించి కూడా ఒక మాట. కొలరాడోలో ఎల్క్‌ల సంఖ్య 2.8 లక్షలకు అటూ ఇటూ ఉంటుందని అంచనా, అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వేటగాళ్లు కూడా అంతే ఎక్కువ. రైఫిల్ సీజన్ మొదటి రోజు తుపాకులు మోగగానే ఎండ, నీడ లెక్కలన్నీ పక్కకు పోతాయి. ఎల్క్ నిటారైన, కూలిన చెట్లు నిండిన ఉత్తరపు వాలుల్లోకి, లేదా వేటకు అనుమతి లేని ప్రైవేటు భూముల్లోకి వెళ్లిపోతుంది. ఆ రోజు నుంచి అందంగా కనిపించే దక్షిణపు మైదానం కన్నా రోడ్డుకు దూరంగా ఉన్న వికారమైన ఉత్తరపు వాలే మేలు, మంచు లోతుగా లేనంత వరకు.

వేరే చోట్ల ఉంటే

మోంటానాలో రైఫిల్ సీజన్ అక్టోబరు ఆఖరు నుంచి థాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారం దాకా ఉంటుంది. అక్షాంశం ఇంకా ఎక్కువ, సూర్యుడు ఇంకా కిందుగా ఉంటాడు, కాబట్టి ఆఖరి వారాల్లో దక్షిణపు వాలు మాట మరింత గట్టిగా చెల్లుతుంది. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇందులో ఏదీ ఉపయోగపడదు. టెక్సాస్‌లో నేల చాలావరకు ప్రైవేటు, అక్కడ వైట్‌టెయిల్ వేట ఎక్కువగా మేత వేసిన చోట కాపు కాయడమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లు దిక్కులన్నీ తిప్పి చదువుకోవాలి. అక్కడ ఎండ పడేది ఉత్తరపు వాలు మీద. ఆస్ట్రేలియాలోని విక్టోరియా కొండల్లో వేటాడే సాంబార్ మన అడవుల్లోని కణుజే. 1860ల్లో అక్కడికి తీసుకెళ్లి వదిలారు. చలికాలం ఉదయాల్లో దాని కోసం ఉత్తరం చూసే వాలులే వెతుకుతారు.

బయల్దేరే ముందు

వీసా మీద ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలో ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. లైసెన్స్ చేతికి రాకముందు స్నేహితుడి తుపాకీ కూడా ముట్టుకోవద్దు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. రైఫిల్ సీజన్‌లో నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా పింక్ రంగు బట్ట, తల మీద అదే రంగు టోపీ ఉండాలి. దట్టమైన ఉత్తరపు అడవిలో ఇది మీ ప్రాణానికే రక్ష.

నవంబరులో నిటారైన ఉత్తర, తూర్పు వాలుల మీద మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులు ఎక్కువగా జారేవి. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ హెచ్చరికలు చూసుకోకుండా అటు అడుగు పెట్టవద్దు, ఎంత పెద్ద కొమ్ములు కనిపించినా సరే.

ఆఖరుగా మాంసం సంగతి. మగ ఎల్క్ నుంచి ఎముక తీసేశాక కూడా 90 కిలోల దాకా మాంసం ఉంటుంది, తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం. సెప్టెంబరు వేడిలో దక్షిణపు వాలు మీద పడిన ఎల్క్‌ని వెంటనే చర్మం తీసి, కోసి, ఉత్తరం వైపు నీడలోకి చేర్చి గుడ్డ సంచుల్లో వేలాడదీయకపోతే మాంసం పాడవుతుంది. ఒకరే మోస్తే నాలుగైదు సార్లు తిరగాలి. కాబట్టి వాలు ఎంచుకునేటప్పుడే ట్రక్కు ఎక్కడ ఆపుతారో చూసుకోండి. దిక్కు ఎంత బాగున్నా, ట్రక్కుకు దిగువన వెయ్యి అడుగుల లోయలో ఉన్న ఉత్తరపు వాలుని ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను సిఫార్సు చేయను. ఒంటరిగా వెళ్తే రోడ్డుకు రెండు మైళ్ల లోపు, ట్రక్కుకు ఎగువన ఉన్న వాలు చూసుకోండి, బరువుతో దిగి వచ్చేలా.